హద్దురాయి దాటని మాఫీ

బేగంపేట దాటి సికింద్రాబాదు వైపు పోతుంటే రోడ్డు పక్కన మోకాలెత్తు రాయి ఒకటి ఉండేది. దానికి ఇవతల నిజాం సర్కారు. అవతల కంటోన్మెంటు, అంటే ఇంగ్లీషు దొరల ఏలుబడి. మా అన్న అమీర్‌పేట నుంచి సికింద్రాబాదు స్టేషనుకు జట్కా తోలేవాడు కాబట్టి రోజుకు ఎన్నిసార్లు ఆ రాయిని దాటేవాడో లెక్కలేదు. ఆఖరుసారి మాత్రం నేను దాటమంటే దాటాడు, తిరిగి రాలేదు. ఈ సంగతి మొదట్లోనే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి చదివేవాళ్ల చేత అయ్యో అనిపించుకునే ఓపిక నాకు ఏనాడూ లేదు.

మాది పంజగుట్ట. అప్పట్లో అక్కడ రాళ్లగుట్టలు, జొన్నచేలు, ఒక నవాబుగారి తోట, ఆ తోట గోడను ఆనుకుని మావి పది ఇళ్లు. మా నాన్న ఆ తోటలో మాలి. నా చిన్నప్పుడే పోయాడు. తర్వాత అమ్మ అదే తోటలో మొక్కలకు నీళ్లు పెట్టేది. మేము క్రైస్తవులం. అన్న నాకంటే ఆరేళ్లు పెద్ద, బడి గడప తొక్కినవాడు కాదు. నన్ను మాత్రం మిషన్ బడిలో వేసి చదివించాడు. నాకు పంతొమ్మిదేళ్లు వచ్చేసరికి ఆ బడిలోనే చిన్నపిల్లలకు అక్షరాలు దిద్దించే పని దొరికింది. ఇంగ్లీషు చదవడం, రాయడం వచ్చు. పది ఇళ్లలో ఇంగ్లీషు వచ్చిన మనిషిని నేనొక్కదాన్నే. అందుకని నా ముక్కు కొంచెం ఆకాశం వైపే ఉండేది.

హద్దురాయికి కొంచెం ఇవతల గుర్రాలు నీళ్లు తాగే రాతితొట్టి ఉండేది. స్టేషనుకు పోయే జట్కాలన్నీ అక్కడ ఆగి, గుర్రానికి నీళ్లు పెట్టి పోవాల్సిందే. ముందు వచ్చిన గుర్రం ముందు తాగాలి. అది జట్కావాళ్ల కట్టు. ఆ ఎండాకాలం ఒక మధ్యాహ్నం అన్న గుర్రం తాగుతుండగా అమీర్‌పేటకే చెందిన మరో జట్కా అతను వెనకనుంచి వచ్చి తొందరపెట్టాడు. మాటా మాటా పెరిగింది. అతను కొరడా ఎత్తి మా గుర్రం కళ్ల మీద కొట్టాడు. ఆ గుర్రాన్ని అన్న పిల్లగా ఉన్నప్పటినుంచి పెంచాడు. దాని కంట్లోంచి నెత్తురు రావడం చూసి తన కొరడా తిరగేసి, ఇనుప కట్టు వేసిన పిడితో అతని తలమీద కొట్టాడు. అతను తొట్టి పక్కన పడిపోయాడు. దగ్గరలో ఉన్న ఆసుపత్రి కంటోన్మెంటుదే. ఎవరో జట్కాలో వేసుకుని రాయి దాటించి అక్కడికి తీసుకుపోయారు. పొద్దుగూకే వేళకు అతని ప్రాణం పోయింది.

ఆ రాత్రంతా అన్న తోటలో మోట కొట్టంలో దాక్కున్నాడు. పొద్దున చావు కబురు తెలిసింది. అమ్మ ఏడుస్తూ పాస్టరుగారిని తీసుకురావడానికి పరుగెత్తింది. ఇంట్లో అన్న, నేను, పక్కింటి కాక మిగిలాం. కాక నిజాం సర్కారు అదాలతులో చప్రాసీగా చేసి ఇంటిపట్టున ఉన్న ముసలాయన. జడ్జీల గుమ్మం ముందు నిలబడే అంత కాలం గడిపినవాడు. ఆయన తలపాగా తీసి ఒళ్లో పెట్టుకుని నెమ్మదిగా చెప్పాడు.

"దెబ్బ గీ పక్క తగిలింది, పానం గా పక్క పోయింది. రెండు సర్కార్లకూ కేసు మీద హక్కున్నది. ఎవలు ముందు పట్టుకుంటే గాళ్లదే కేసు. గీడనే లొంగిపో బిడ్డా. గీడ ఉరి పడ్డా సుత కాయితం నిజాం హుజూర్ కాడికి పోవాలె. హుజూర్ ఉరి కాయితం మీద దస్తఖత్ పెట్టడు, జనమఖైదు చేస్తడు. నా నౌకరీ మొత్తంల ఒక్కన్ని ఉరి తీసినట్టు నేనైతే ఇనలే."

నాకు ఒళ్లు మండింది. ఇంగ్లీషు ముక్క రాని చప్రాసీ నాకు న్యాయం చెప్పడమేమిటనిపించింది. ఇక్కడి ఠాణాలో ముందు తంతారు, తర్వాత అడుగుతారు అన్నాను. అక్కడి కోర్టులో మాట్లాడేది ఇంగ్లీషు, ప్రతి మాటా నాకు తెలుస్తుంది అన్నాను. ఆ జడ్జి మన బైబిలే చదువుతాడు, మన ప్రార్థనలే చేస్తాడు, ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నవాడిని కనికరిస్తాడు అన్నాను. ఆదివారం బడిలో పిల్లలకు చెప్పే పాఠాన్ని అన్న మెడకు కట్టాను.

అన్న గుర్రం కంటికి తడిగుడ్డ అద్దుతూ విన్నాడు. "నువ్వు సదువుకున్నదానివి చెల్లె. నువ్వెట్లంటే గట్లనే."

"తొందరపడకు, మీ అమ్మ రానీ" అన్నాడు కాక. అమ్మ వస్తే ఏడ్చి ఆపేస్తుందని నేనే తొందరపెట్టాను. హద్దురాయి దాకా అన్నతో నడిచాను. అక్కడ నిలబడి, "ఏదీ దాచొద్దు, అంతా చెప్పెయ్" అన్నాను. అన్న తల ఊపి అవతలికి పోయాడు. నేను ఇంటికి వచ్చేసరికి అమ్మ, పాస్టరుగారు గుమ్మంలో ఉన్నారు. తనంతట తానే లొంగిపోయాడని చెప్పాను. పాస్టరుగారు కళ్లజోడు తుడుచుకుంటూ, "మంచి పని చేశాడమ్మా, దేవుడు చూస్తాడు" అన్నారు. ఆయన కోస్తా నుంచి వచ్చిన మెత్తటి మనిషి. ఆ ఒక్క మాటకు ఆయన ఎంత అనుభవించారో తర్వాత చెబుతాను.

అన్న నా మాట అక్షరాలా పాటించాడు. మేజిస్ట్రేటు ముందు అంతా చెప్పేశాడు. తొట్టి దగ్గరున్నవాళ్లు చూసింది ఒక్క దెబ్బే. గుర్రాలు బెదిరి అడ్డం తిరగడంతో తర్వాత జరిగింది ఎవరికీ కనబడలేదు. అతను తేరుకుని లేవబోతుంటే తాను రెండోసారి కొట్టానని అన్న చెప్పాడు. ఎవరూ అడగలేదు. ఆ మొదటి దెబ్బ కోపంలో పడిందని చెప్పి బయటపడొచ్చు, పడినవాడి మీద వేసిన రెండో దెబ్బకు ఏ జవాబూ లేదని వకీలు తల పట్టుకున్నాడు. కోర్టులో ఆ వాంగ్మూలం చదువుతుంటే నేను అమ్మ పక్కన కూర్చుని, నా బోధన ఎంత చక్కగా వంటబట్టిందో విన్నాను.

జడ్జి తీర్పు ఇంగ్లీషులో చెప్పాడు. తర్జుమా చేసే మనిషి గొంతు సవరించుకునేలోపే నాకు తెలిసిపోయింది. అమ్మ జడ్జి వైపు గానీ, తర్జుమా అతని వైపు గానీ చూడలేదు, నా మొహమే చూస్తోంది. అమ్మకు ఉరిశిక్ష మాట నా మొహంలోనే తెలిసింది. నా ఇంగ్లీషు చదువు ఆ కోర్టులో అంతవరకే పనికొచ్చింది.

పైకోర్టు, నిజాం దగ్గర ఇంగ్లీషు సర్కారు తరఫున ఉండే రెసిడెంటు దొర కిందిది. అక్కడ అప్పీలు కొట్టేశారు. ఇక మిగిలింది దయాభిక్ష.

అమ్మకు ఇందులో సందేహమే లేదు. "మనం హుజూర్ రయ్యతులం. మన రాజును అడుగుదాం. రాజు వద్దంటే ఎవడు సంపుతడు?" అంది. కాక తల గోక్కున్నాడు. రాయి దాటిన కేసులో హుజూర్ మాట చెల్లుతుందో లేదో ఆయనకూ తెలియదు. "అడుగుదాం వదినె. సచ్చినోని పెండ్లాం మాఫ్ చేసినట్టు కాయితం సుత పెడితే జర బలముంటది. మా అదాలతుల గది మస్తు పెద్ద మాట" అన్నాడు.

ఆ ఇల్లాలి దగ్గరికి పోవడమనే సరికి నేను వెనకాడాను. అమ్మ మాత్రం చెప్పులు వేసుకోకుండానే బయలుదేరింది. కలం, కాగితం పట్టుకుని కాకా, నేనూ వెంట వెళ్లాం. అమీర్‌పేటలో వాళ్లది ఒంటరి పెంకుటిల్లు. బయట చనిపోయినవాడి గుర్రం కట్టేసి ఉంది. తోలేవాడు లేక దాని పొట్ట జారిపోయింది. ఆమె అరుగుమీద కూర్చుని దానికోసం ఉలవలు చెరుగుతోంది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. మమ్మల్ని చూసి లేవలేదు, పొమ్మనీ అనలేదు.

నేను మొదలుపెట్టాను. దయ, క్షమ, పరలోకం అంటూ ఏదో మాట్లాడాను. ఆమె చేట ఆపింది.

"నువ్వు ఊకో బిడ్డా. కాయితం సదివినట్టు మాట్లాడకు. పెద్దమ్మను చెప్పనీ."

అమ్మ నేలమీద కూలబడింది. "నా కొడుకు నీ మొగున్ని కొట్టి సంపిండు బిడ్డా. రెండుసార్లు కొట్టిండు. నేను కాదంటలేను. వాన్ని సంపకుండ్రని సర్కారుకు చెప్పమని అడుగొచ్చిన" అంది. అంతే, ఇంకేమీ చెప్పలేదు.

ఆమె మళ్లీ ఉలవలు చెరిగింది. రాళ్లు ఏరింది. చేట ఖాళీ అయ్యాక మాట్లాడింది. "నీ కడుపు కాలితే నాకేమొస్తది పెద్దమ్మా? మాఫ్ చేసిన అని రాసుకో. కానీ నా వంతే మాఫ్ చేస్తున్న. ఆయన వంతు ఆయనదే. గది నా చేతుల లేదు."

కాక ఉర్దూలో రాస్తుంటే నేను ఆయన చెవిలో, ఆ రెండో మాట వదిలెయ్యండి అన్నాను. హుజూర్ చదివితే మాఫీ సగమే అనుకుంటారని నా భయం. కాక కలం ఆపి నా వైపు చూశాడు. "నువ్వే కదా బిడ్డా, ఏదీ దాచొద్దన్నది" అన్నాడు. ఆయన ఎత్తిపొడవలేదు, మామూలుగానే అన్నాడు. అయినా చెంపమీద కొట్టినట్టయింది. ఆమె చెప్పింది చెప్పినట్టే రాశాడు. ఆమె వేలిముద్ర వేసింది.

ఆ కాగితాన్ని, మా అర్జీని పట్టుకుని కాక, నేను ఊళ్లో సర్కారు కచేరీకి నడిచాం. తీసుకున్నారు, ముద్ర వేశారు, పదిరోజుల తర్వాత రమ్మన్నారు. ఆ పదిరోజులూ అమ్మ అన్నం ముట్టలేదు. మజ్జిగ తాగి బతికింది. హుజూర్ గురించి ఎంత బాగా మాట్లాడిందో! ఆయన చిరిగిన షేర్వానీ వేసుకుంటాడట, పేదోళ్ల బాధ ఆయనకు తెలుసట. అన్న విడుదలై వస్తే ఏం వండాలో కూడా చెప్పింది. నేను అన్నింటికీ ఊఁ కొట్టాను. నమ్మాలని నాకూ ఉంది. ఏ కాక మాటనైతే చప్రాసీ మాటని తీసిపారేశానో, ఆ మాటే నిజం కావాలని రోజూ మోకాళ్లమీద కూర్చుని ప్రార్థించాను.

పదకొండో రోజున కచేరీలో ఒక ముసలి మున్షీ మా అర్జీ తిరిగి ఇచ్చాడు. వెనక ఎర్రసిరాతో రెండు వరుసలు రాసి ఉంది. కాక చదివి కాగితం మడిచాడు. మున్షీయే నాకు చెప్పాడు.

"బేటీ, శిక్ష వేసిన కోర్టు హుజూర్‌ది కాదు. గా రాయికి ఇవతల ఎవల ఉరైనా హుజూర్ తీసేస్తరు. అవతల హుజూర్ కలం నడవదు. రాజైనా సుత హద్దు హద్దే."

"మా అన్న హుజూర్ మనిషే కదా" అన్నాను.

"మనిషి హుజూర్ మనిషే. కేసు దొరది" అన్నాడు. ఆయన కళ్లలో జాలి ఉంది. ఆ జాలిని నేనేం చేసుకోను? ఆ కచేరీ మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నేను అన్నను నడిపించుకుపోయి వదిలిన రాయి అది. ఒక్క రోజు ఇవతల ఉంచినా, ఒక్క పూట అమ్మ వచ్చేదాకా ఆగినా, ఆ కాగితానికి ప్రాణం ఉండేది.

ఇక ఇంగ్లీషులో అర్జీ రాశాను. రెసిడెంటు దొరకు ఒకటి, ఢిల్లీలో వైస్రాయికి ఒకటి. ఆ ఇల్లాలి మాఫీని తర్జుమా చేసి జతపరిచాను. పాస్టరుగారు అన్న నడవడి గురించి ఉత్తరం రాసి, కంటోన్మెంటులో తనకు తెలిసిన దొరల ఇళ్లన్నీ తిరిగారు. ఒక దొరసాని టీ ఇచ్చి పంపిందట. మూడు వారాలకు టైపు చేసిన జవాబు వచ్చింది. అర్జీని పరిశీలించామని, జోక్యం చేసుకోవడానికి కారణం కనబడలేదని, చనిపోయినవాడి బంధువులు క్షమించడం చట్టంలో లెక్కకు రాదని. ఇంగ్లీషు మాత్రం చాలా మర్యాదగా ఉంది. అమ్మ, "ఏం రాసిండ్రు?" అని అడిగింది. నేను చదవకుండా మడతపెట్టాను. అప్పుడూ నా మొహమే చదువుకుంది.

చివరిసారి అన్నను చూడటానికి అమ్మనూ నన్నూ జైల్లోకి విడివిడిగా పంపారు. ముందు నేను వెళ్లాను. అన్న చిక్కిపోయాడు గానీ గడ్డం గీయించుకుని శుభ్రంగా ఉన్నాడు. గుర్రానికి ఆ కన్ను కనబడుతోందా అని అడిగాడు. ఒక కన్ను పోయిందని చెప్పాను. "గా పక్క నుంచి దగ్గరికి పోతే బెదురుతది. ముందు పిలిచి పో" అన్నాడు. నేను ఊచలు పట్టుకుని, నన్ను మాఫ్ చెయ్యన్నా అనబోయాను. ఏడుపు ఆపుకుని ఆ మాట అనేలోపు వార్డరు టైమైపోయిందన్నాడు. తర్వాత అమ్మ వెళ్లింది. వచ్చేటప్పుడు అమ్మ ఏడవలేదు. దారిపొడవునా నాతో మాట్లాడలేదు కూడా. మూడోనాడు పొద్దున అన్న శవాన్ని మాకు ఇచ్చారు. కాక, పాస్టరుగారు, జట్కావాళ్లు నలుగురు మోశారు.

తర్వాత అమ్మ చర్చికి రావడం మానేసింది. ఆదివారం గంట మోగగానే వాకిట్లోకి వచ్చి, వీధి వినేలా తిట్టేది. "నా కొడుకును గా రాయి దాటమని చెప్పినోళ్ల నోట్లె మన్నువడ! గాళ్లకు నిద్ర పట్టకపోను!" ఆ తిట్లు పాస్టరుగారికేనని వాడంతా అనుకుంది. లొంగిపోవడం మంచి పని అన్నది ఆయనే కదా. ఆయన ఒకసారి గుమ్మం దాకా వచ్చి, "నేను చేసిన తప్పేంటమ్మా?" అని అడిగారు. అమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది. నేను వాకిట్లోనే నిలబడి ఉన్నాను. ఆ మాట చెప్పింది నేనండీ అంటే సరిపోయేది. అనలేదు. ఆయన తలొంచుకుని పోతుంటే చూస్తూ ఊరుకున్నాను. కాకకు నిజం తెలుసు, ఆయనా ఎవరికీ చెప్పకుండానే పోయాడు. అన్నకు ఏదీ దాచొద్దని బోధించిన దాన్ని, ఏళ్ల తరబడి దాచాను.

రెండో ప్రపంచయుద్ధం ముగిసింది. కంటోన్మెంటులో కొంత భాగాన్ని దొరలు నిజాం సర్కారుకు తిరిగి ఇచ్చేశారు. హద్దురాయి పెకిలించి పక్కన కాలవలో పడేశారు. అన్నకు ఉరి వేయించిన హద్దు అన్న పోయాక పట్టుమని పదేళ్లు కూడా నిలవలేదు. తర్వాత దొరలు పోయారు. ఆ వెనకే నిజాం ఏలుబడీ పోయింది. అమ్మ తిట్టడం ఎప్పుడు ఆపిందో నాకు సరిగా గుర్తులేదు. ఒక ఆదివారం గంట మోగింది, అమ్మ బయటికి రాలేదు. అలిసిపోయిందనుకున్నాను.

ఒక సాయంత్రం వాకిట్లో కూర్చుని అమ్మకు పేపరు చదివి వినిపిస్తున్నాను. దేశానికి కొత్త చట్టం రాస్తున్నారని, రాజు బదులు అధ్యక్షుడు ఉంటాడని, ఉరిశిక్ష పడిన ఎవరినైనా క్షమించే అధికారం ఆయనకు ఇస్తున్నారని ఉంది. అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది.

"రాయికి ఇవతలోళ్లకా, అవతలోళ్లకా?" అంది.

"అందరికీనమ్మా. ఉరి పడిన ఎవరికైనా. దేశమంతా."

"గట్లయితే ఆయనకు హద్దే లేదా?"

"ఉంది. మంత్రులు చెప్పినట్టు నడుచుకోవాలి. సొంతంగా చెయ్యడానికి లేదు" అన్నాను. పేపరు మడిచి ఒళ్లో పెట్టుకున్నాను. "అమ్మా, అన్నను రాయి దాటమన్నది పాస్టరుగారు కాదు, నేను."

అమ్మ చేతులు ఆగలేదు. "ఎరికే."

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఎవలు పొమ్మన్నరు కొడుకా అని జైల్ల అడిగిన. చెల్లె అన్నడు. దాన్ని ఏమనకు అమ్మా అన్నడు."

"మరి ఇన్నేళ్లూ ఎవరిని తిట్టావు?"

"నిన్నే తిట్టిన. ఎదురుంగనే ఉంటివి కద. నువ్వే నోరిప్పి చెప్తవని సూసిన. పాపం గా అయ్యగారు పడ్డడు."

నేను అమ్మ కాళ్లు పట్టుకున్నాను. నన్ను మాఫ్ చెయ్యమ్మా అని అడిగాను. ఎన్నిసార్లు అడిగానో నాకే తెలియదు. అమ్మ చేట పక్కన పెట్టి నా తలమీద చెయ్యి వేసింది. ఆ చేతికి బియ్యపు పిండి అంటుకుని ఉంది.

"నా వంతు తిట్టుడు ఆపిన్నాడే మాఫ్ చేసిన బిడ్డా. వాని వంతు వానిదే. గది నా చేతుల లేదు."

అని మళ్లీ చేట అందుకుంది. నేను లేచి దీపం వెలిగించి పొయ్యి రాజేశాను. ఆ రాత్రి మేమిద్దరం అన్నం తిన్నాం.